తుక్కులో బంగారం – ఊపిరిలో తేజాబు



పోయిన ఆదివారం సాయంత్రం మన స్నానాల గదుల వెనక నల్లటి పొగ లేచిన సంగతి అందరికీ తెలుసు. ఏడో తరగతి తమ్ముళ్ళు నలుగురు పాత కరెంటు వైర్లు కాల్చి రాగి తీశారు. గుజిరీ అతను రాగికి మంచి ధర ఇస్తానన్నాడట. వార్డెన్ సారు వాళ్ళను వరసగా నిలబెట్టి "ఎవర్రా మీకు ఈ తెలివి నేర్పింది?" అని అడిగారు. ఒక్కడూ నోరు విప్పలేదు. నేర్పింది నేనే. సారూ, ఆ రోజు నేను వెనక వరసలో తల దించుకుని నిలబడ్డాను. ఇవాళ ఈ గోడ మీద రాసి ఒప్పుకుంటున్నాను.

సంగతేమిటంటే, ఎండాకాలం సెలవుల్లో నేను హైదరాబాదులో మల్లాపూర్‌లో ఉండే మా బాబాయి ఇంటికి పోయాను. వచ్చేటప్పుడు చిన్న సీసాలో పచ్చగా మెరిసే పిన్నులు తెచ్చుకున్నాను. రాత్రిపూట డార్మిటరీలో టార్చిలైటు వేసి చూపిస్తూ "ఇది బంగారం రా, నిజం బంగారం, కంప్యూటర్లోంచి తీసింది" అని గొప్పలు పోయాను. ఆ రోజు నుంచి మన స్టోరు రూములో మూలపడ్డ పాత కంప్యూటర్ల మీద అందరి కన్నూ పడింది. మొన్న తొమ్మిదో తరగతి వాళ్ళు తేజాబు, అదే ఆసిడ్, ఎక్కడ దొరుకుతుందా అని మాట్లాడుకోవడం నా చెవిన పడింది. వైర్లు కాల్చడం కంటే ఇది ఎన్నో రెట్లు ప్రమాదం. నేను సగం కథే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి సిగ్గనిపించింది. ఇప్పుడు మొత్తం చెబుతాను.

బంగారం ఉన్నమాట నిజమేనా?

నిజమే. లేదని రాస్తే మీరు నమ్మరు, నా సీసా చూశారు కాబట్టి. సెల్ ఫోను విప్పినా, కంప్యూటరు విప్పినా లోపల ఆకుపచ్చ పలక ఒకటి కనబడుతుంది. దాన్ని సర్క్యూట్ బోర్డు అంటారు. కరెంటును బంగారం కంటే వెండి, రాగి ఇంకా బాగా మోస్తాయని మనం చదువుకున్నాం. మరి అంత ఖరీదైన బంగారం ఎందుకు పెట్టినట్టు? రాగికి చిలుము పడుతుంది. వెండి నల్లబడుతుంది. మా నానమ్మ వెండి కడియాలు చింతపండు పెట్టి తోమితే గాని మెరవవు. బంగారానికి ఆ బాధ లేదు. ఎన్నేళ్ళయినా అట్లాగే ఉంటుంది. ఒక బోర్డు ఇంకో బోర్డుకు తగిలే చోట, సిమ్ కార్డు ఆనే చోట చిలుము పడితే ఫోను పలకదు. అందుకని ఆ చోట్ల బంగారు పూత పూస్తారు. పూత అంటే ఎంత మందమో తెలుసా? చాలా చోట్ల ఒక మైక్రాను కూడా ఉండదు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు.

ఒక సెల్ ఫోనులో ఉండే బంగారం సుమారు 0.03 గ్రాములు. గ్రాము కావాలంటే ముప్పైకి పైగా ఫోన్లు కావాలి, అదీ రవ్వంత కూడా పోకుండా తీస్తే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ గనితో పోల్చి చూడండి. ఈనాటి గనుల్లో టన్ను రాయి పగలగొడితే చాలాచోట్ల దొరికేది కొద్ది గ్రాములే. టన్ను సెల్ ఫోన్లలో 300 గ్రాముల దాకా ఉంటుంది. చిత్తూరు జిల్లాకు ఆనుకొని ఉన్న కోలారు గనుల్లో మన తెలుగువాళ్ళు ఎందరో పనిచేశారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి రాయి తవ్వారు. చివరికి ఖర్చుకు తగ్గ బంగారం రాక 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి. ఇప్పుడు బంగారం భూమిలో కంటే మన పెట్టెల్లో, అల్మారాల్లో ఎక్కువ చిక్కగా ఉందన్నమాట. అందుకే చాలామంది దీన్ని పట్టణపు గని అంటున్నారు.

ఈ గని పెరుగుతూనే ఉంది. ఐక్యరాజ్యసమితి వాళ్ళు 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ తుక్కు 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో నూటికి 22 పాళ్ళు మాత్రమే పద్ధతి ప్రకారం చేరవలసిన చోటికి చేరినట్టు లెక్క ఉంది. మిగతాది కొంత గుంతల్లోకి, కొంత అటకల మీదికి, కొంత మా బాబాయి లాంటివాళ్ళ చేతుల్లోకి పోతుంది.

మల్లాపూర్ షెడ్డు

మా తండా దామరచర్ల మండలం. మిర్యాలగూడలో రైలెక్కితే చర్లపల్లి స్టేషన్లో దిగవచ్చు. 2025 జనవరిలో దాన్ని పెద్ద టెర్మినల్ చేసి ప్రారంభించారు, అద్దాల మేడలాగా ఉంటుంది. అక్కణ్ణించి ఆటో ఎక్కితే మల్లాపూర్ దగ్గరే. ఒక పక్క నాచారం, ఇంకో పక్క చర్లపల్లి, ఎటు చూసినా కార్ఖానాలు, రేకుల షెడ్లు, లేతు మిషన్ల చప్పుడు. కొన్ని రాత్రులు గాలి ఒక రకమైన మందు వాసన వేస్తుంది. అక్కడివాళ్ళకు అలవాటైపోయింది, నేనే ముక్కు మూసుకునేవాణ్ణి. దగ్గర్లోనే ఇ.సి.ఐ.ఎల్. ఉంది. 1967లో పెట్టిన ప్రభుత్వ సంస్థ అది. ఒకప్పుడు టీవీలు, కంప్యూటర్లు తయారుచేసింది. మా తాత ఊళ్ళో మొదటిసారి చూసింది ఇ.సి. టీవీయేనట. ఎలక్ట్రానిక్ సామాను పుట్టిన చోటికి కూతవేటు దూరంలోనే, అది చచ్చాక కోసి ముక్కలు చేసే చోటు కూడా చూశాను నేను.

బాబాయి పనిచేసిన షెడ్డుకు పేరూ ఊరూ లేదు. ముందు గేటుకు ఎప్పుడూ తాళం, వెనక తలుపు నుంచి మనుషులు. సెల్ రిపేరు దుకాణాల నుంచి, ఆఫీసుల నుంచి, గల్లీల్లో తిరిగే కబాడీ బండ్ల నుంచి సంచుల కొద్దీ పాత సామాను వచ్చేది. ముందుగా ఇనుము ఇనుముకు, రాగి రాగికి, ప్లాస్టిక్ ప్లాస్టిక్‌కు వేరుచేస్తారు. ఇంతవరకు చేతులు కోసుకుపోవడం తప్ప పెద్ద దోషం లేదు. బాబాయి చేసింది ఈ పనే, రోజుకు ఆరువందల కూలి.

ఆ తర్వాత బోర్డుల్ని ఇనప పెనం మీద వేసి వేడిచేస్తారు. టంకం కరిగి చిప్పులు ఊడి వస్తాయి. టంకం అంటే తగరం, సీసం కలిసిన లోహం. పాత బోర్డుల టంకంలో నూటికి నలభై పాళ్ళ దాకా సీసమే ఉంటుంది. దోసెలు పోసేవాళ్ళ ముఖానికి ఆవిరి కొట్టినట్టు ఆ పొగ ముఖానికి కొడుతుంది. బోర్డు ప్లాస్టిక్‌లో నిప్పు అంటుకోకుండా బ్రోమిన్ మందులు కలుపుతారు, కాలితే అవీ పొగలో కలుస్తాయి.

చివరిది తేజాబు పని. బంగారం మామూలు ఆసిడ్‌లకు లొంగదు. అందుకే దాన్ని లోహాల్లో రాజు అన్నారు. దాన్ని కరిగించేది రెండు ఆసిడ్‌లు కలిపిన ఆక్వా రీజియా. లాటిన్ భాషలో రాజుగారి నీళ్ళు అని అర్థం. దీని మీద ఒక మంచి కథ ఉంది, చెప్పకుండా ఉండలేను. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, హిట్లర్ సైన్యం డెన్మార్కులోకి దిగింది. అక్కడ నీల్స్ బోర్ పరిశోధనశాలలో ఇద్దరు జర్మనీ శాస్త్రవేత్తలు, మాక్స్ ఫాన్ లావే, జేమ్స్ ఫ్రాంక్, దాచమని పంపిన నోబెల్ బంగారు పతకాలు ఉన్నాయి. జర్మనీ నుంచి బంగారం దాటిస్తే పెద్ద శిక్ష, పైగా పతకాల మీద పేర్లున్నాయి. హెవెషీ అనే శాస్త్రవేత్త వాటిని ఆక్వా రీజియాలో కరిగించి సీసాను అటకమీద పెట్టేశాడు. సైనికులు వెదికారు, నారింజరంగు నీళ్ళ సీసాను ఎవరూ ముట్టలేదు. యుద్ధం అయ్యాక సీసా అట్లాగే ఉంది. అందులోంచి బంగారం మళ్ళీ తీసి పంపితే నోబెల్ సంస్థ కొత్తగా పతకాలు పోయించి ఇచ్చింది. చూశారా, కరిగిన బంగారం ఎక్కడికీ పోదు. మళ్ళీ దిగుతుంది. షెడ్డు వాళ్ళు చేసేదీ అదే సూత్రం. కాకపోతే హెవెషీ రసాయన శాస్త్రం చదివినవాడు, పనిచేసింది పరిశోధనశాలలో. మల్లాపూర్‌లో ఉన్నవి ప్లాస్టిక్ టబ్బులు, ఒక వెదురు కర్ర, ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు.

ఏ ఆసిడ్ ఎంత, ఎలా అన్నది నేను రాయను. నన్ను అడగొద్దు కూడా.

గోధుమరంగు పొగ

తేజాబు పని చేసేవాడు వేరే ఒకాయన. జూన్ మొదట్లో ఒకరోజు ఆయన రాలేదు. సేటు మా బాబాయిని పిలిచి "ఇవాళ నువ్వు చూసుకో, కలుపుతూ ఉంటే చాలు" అన్నాడు. ఆ వారం చెల్లె పుట్టినరోజు ఉండె. రెండువందలు ఎక్కువ ఇస్తానంటే బాబాయి సరేనన్నాడు.

ఆ టబ్బుల నుంచి లేచేది గోధుమరంగు పొగ. నైట్రోజన్ డైఆక్సైడు. దీని మాయ ఏమిటో మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. మిరపకాయ పొగ గాని, అమ్మోనియా గాని ముక్కుకు తగలగానే మంటపుడుతుంది, మనం పారిపోతాం. అదే మనకు రక్ష. ఈ పొగ అట్లా కాదు. ఇది తడిలో తొందరగా కరగదు. ముక్కు, గొంతు దాటేసి ఊపిరితిత్తుల అట్టడుగున ఉండే చిన్న చిన్న గాలి గదుల దాకా పోయి, అక్కడ తడితో కలిసి ఆసిడ్ అవుతుంది. కాలేది లోపల. అప్పటికి కాస్త దగ్గు, కాస్త గొంతు గరగర, అంతే. మనిషి బాగానే ఉన్నాననుకుంటాడు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి, ఆ గదుల్లోకి నీరు ఊరడం మొదలవుతుంది. బయట నీళ్ళల్లో మునగకుండానే మనిషి లోపల మునిగిపోతాడు.

మా బాబాయికి సరిగ్గా అట్లాగే జరిగింది. సాయంత్రం ఇంటికొచ్చి "ఏం కాదు బిడ్డా, జర దగ్గు" అన్నాడు. స్నానం చేశాడు, జొన్నరొట్టె తిన్నాడు, నాతో క్రికెట్ గురించి మాట్లాడాడు. రాత్రి ఒంటిగంటకు పిన్ని అరుపుకు లేచాను. బాబాయి మంచం మీద కూర్చుని గోడ పట్టుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాడు. నోటినుంచి నురుగు. పక్కింటి ఆటో అన్న లేపి తీసుకుపోయాం. దారంతా నేను బాబాయి వీపు నిమురుతూనే ఉన్నాను. ఆసుపత్రిలో డాక్టరు గారు మొదట అడిగిన మాట "ఏ పొగ పీల్చాడు?" అని. పిన్నికి తెలియదు. నేను చెప్పాను, గోధుమరంగుది అని. ఆమె వెంటనే ఆక్సిజన్ పెట్టించారు. ఆ ముక్క నాకు తెలియకపోతే ఆస్త్మా అనుకునేవాళ్ళేమో. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఎక్కడైనా ఎవరైనా ఈ పొగ పీలిస్తే, బాగానే ఉన్నానని అన్నా వినకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఏ పొగో చెప్పాలి.

బాబాయి బతికాడు. పదకొండు రోజులున్నాడు ఆసుపత్రిలో. ఇప్పుడు రెండంతస్తులు ఎక్కితే మధ్యలో కూర్చోవాలి. సేటు రెండువేలు చేతిలో పెట్టి మళ్ళీ రావద్దన్నాడు. షెడ్డు నెల తిరక్కముందే ఖాళీ అయింది, ఎక్కడికి పోయిందో తెలియదు. నేను తెచ్చుకున్న సీసా పిన్నులు ఆ పనికి ముందు రోజు బాబాయి ముచ్చటపడి నాకిచ్చినవి. ఈ సంగతి మీకు చెప్పకుండా మెరుపు ఒక్కటే చూపించాను.

సీసం కనబడదు

బాబాయికి జరిగింది ఒక్క రోజు పని. అసలు చెడుపు ఇంకా మెల్లగా జరుగుతుంది. బాబాయి ఏడాదిన్నరగా దుమ్ము బట్టలతోనే ఇంటికొచ్చేవాడు. పిన్ని ఆ బట్టలు దులిపి ఉతికేది. చెల్లె రెండేళ్ళది. నేల మీద పాకి, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. డాక్టరు గారు ఇది విని చెల్లెకు రక్తంలో సీసం పరీక్ష రాశారు. పిల్లల ఒంట్లో సీసం ఇంతవరకు ఉంటే పరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జ్వరం రాదు, పుండు పడదు. మెదడు ఎదిగే వయసులో అది మెదడు మీద పనిచేస్తుంది. నాలుగేళ్ళ తర్వాత బళ్ళో లెక్కలు రాకపోతే "మొద్దు" అని కొడతారు తప్ప, ఎవరూ సీసం అనుకోరు. ఆ పరీక్ష ఇంకా చేయించలేదు. బాబాయి మందులకే సరిపోతోంది.

చైనాలో గుయియు అనే ఊరుంది. ఇళ్ళల్లో, వాకిళ్ళల్లో ఈ పనే చేసేవాళ్ళు. అక్కడ ఆరేళ్ళలోపు పిల్లల రక్తం పరీక్షిస్తే వందలో దాదాపు 82 మందికి సీసం అప్పటి హద్దు కంటే ఎక్కువ ఉందని 2007లో ప్రకటించారు. తర్వాత ప్రభుత్వం ఆ ఇళ్ళ పనిని ఆపించి ఒక పారిశ్రామికవాడలోకి మార్చింది. మన దేశంలో ఉత్తరప్రదేశ్ మొరాదాబాదులో బోర్డులు కాల్చిన నల్ల బూడిదను రాంగంగా నది ఒడ్డున పోశారు. పేరుకు ఇత్తడి సామానుకు ప్రసిద్ధి పొందిన ఊరు అది.

వైర్లు కాల్చిన తమ్ముళ్ళ కోసం ఒక ముక్క. వైరు తొడుగు పి.వి.సి. అనే ప్లాస్టిక్. అందులో క్లోరిన్ ఉంటుంది. కాలిస్తే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. అవి మట్టిలో పడితే ఏళ్ళ తరబడి పోవు. ఆ మట్టిలో గీరుకు తినే కోళ్ళ గుడ్లలోకి వస్తాయి. ఆఫ్రికాలో ఘానా దేశంలో అగ్బోగ్బ్లోషీ అనే తుక్కుపేట ఉండేది. పిల్లలు రాగి కోసం వైర్లు కాల్చేవాళ్ళు. అక్కడి కోడిగుడ్లు పరీక్షిస్తే డయాక్సిన్లు ఐరోపా హద్దుకు ఎన్నో రెట్లు ఉన్నాయని 2019లో ప్రకటించారు. మన స్నానాల గదుల వెనక మీరు కాల్చిన చోటికి నాలుగు అడుగుల్లో తోటకూర మడి ఉంది. ఆ బూడిద ఇంకా అక్కడే ఉంది, నిన్న చూశాను.

నీళ్ళ సంగతి ఇంకా ఉంది. బంగారం దిగాక మిగిలిన ఆసిడ్ నీళ్ళు ఆకుపచ్చ రంగులో ఉంటాయి. రాగి కరిగిన రంగు అది. నికెలు, సీసం కూడా అందులో ఉంటాయి. షెడ్డు వాళ్ళు దాన్ని వెనక కాలవలో వంచేవాళ్ళు. భూమిలోకి దిగితే ఏమవుతుందో తెలియాలంటే హైదరాబాదులోనే కాటేదాన్ సంగతి ఉంది. ఉప్పల్ రోడ్డులో ఉన్న ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు ఆ పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. సీసం, క్రోమియం, నికెలు లాంటివి ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉన్నాయి. అక్కడివి రకరకాల పరిశ్రమలు, ఎలక్ట్రానిక్ తుక్కు ఒక్కటే కాదు. కానీ ఒకసారి మట్టిలోకి దిగిన లోహం తిరిగి పోదని అర్థమవుతుంది. ఇక పారే నీళ్ళు. మల్లాపూర్, నాచారం, ఉప్పల్ వైపు కాలవల నీళ్ళు చివరికి మూసీలోకే. మూసీ ఎక్కడికి పోతుంది? మన నల్లగొండ జిల్లా అంతా తిరిగి మా దామరచర్ల మండలంలోనే వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నేను రైలెక్కి అటు పోతే, ఆ నీళ్ళు నడుచుకుంటూ ఇటు వస్తున్నాయి.

లాభం ఎవరికి?

ఇంత కష్టపడి తీసినా బంగారం అంతా చేతికి రాదు. మన దేశంలోనే బెంగుళూరు షెడ్లను పరిశీలించినవాళ్ళు నాలుగో వంతుకు మించి రావడం లేదని తేల్చారు. చిప్పుల కడుపులో ఉండే సన్న తీగల దాకా ఆసిడ్ సరిగా పోదు. కడిగేటప్పుడు కొంత కొట్టుకుపోతుంది. పలాడియం లాంటి ఖరీదైన లోహాల్ని వీళ్ళు అసలు పట్టించుకోరు. పెద్ద కొలుములున్న కర్మాగారాల్లో 95 శాతం దాకా వస్తుంది. అంటే మూడు వంతుల బంగారాన్ని కాలవలో పోసి, ఒక వంతు కోసం మనిషి ఊపిరి తీస్తున్నారు. 2025లో తులం బంగారం లక్ష దాటింది. బాబాయి కూలి ఆరువందలు ఆరువందలుగానే ఉంది.

మిర్యాలగూడలో అవుసలోళ్ళ దుకాణాల ముందు ఊడ్చిన మట్టిని కొనుక్కుపోయి, నీళ్ళల్లో గాలించి బంగారు రజను తీసేవాళ్ళని మా నానమ్మ చూసిందట. జలగడగడం అంటారు ఆ పనిని, తెలుగు సారు చెప్పారు. బీదవాళ్ళు తుక్కులోంచి బంగారం తీయడం కొత్త కాదు. అందుకే షెడ్లన్నీ మూయించేస్తే అయిపోతుందని నేను అనను. మూయిస్తే ఇంకో గల్లీలో తెరుస్తారు, బాబాయి లాంటివాళ్ళు అక్కడికి పోతారు. పద్ధతిగా నడిచే కంపెనీలో పని అడిగితే పది పాసయ్యావా అని అడిగారట బాబాయిని. విప్పడం, వేరుచేయడం ఆయనకు వచ్చినంత బాగా ఎవరికీ రాదు. ఆ పనికి గ్లవుజులు, మాస్కు, నెలజీతం ఇచ్చి, ఆసిడ్, మంట మాత్రం పెద్ద యంత్రాలకు వదిలితే ఎంత బాగుండు!

ఆ యంత్రాలు ఎక్కడో లేవు. చర్లపల్లిలోనే సి-మెట్ అని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఉంది. బాబాయి షెడ్డుకు కొద్ది కిలోమీటర్లే! సర్క్యూట్ బోర్డుల నుంచి రాగి, బంగారం, వెండి తీసే పద్ధతిని మన శాస్త్రవేత్తలే అక్కడ తయారుచేశారు. బోర్డుల్ని మూసిన పొయ్యిలో వేడిచేసి, కరిగించి, కరెంటుతో లోహాల్ని శుద్ధిచేస్తారు. పొగను వదిలేయకుండా పట్టి కడుగుతారు. చట్టం కూడా ఉంది. ఇ-వ్యర్థాల నిబంధనలు మొదట 2011లో వచ్చి 2012 మే 1 నుంచి అమలయ్యాయి, తర్వాత మార్చారు. ఇప్పుడున్నవి 2022లో తెచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్నవి. సామాను తయారుచేసిన కంపెనీయే చివరికి దాని తుక్కుకూ బాధ్యత పడాలని, అనుమతి ఉన్నవాళ్ళే దాన్ని విప్పి కరిగించాలని వాటి సారాంశం.

మన స్టోరు రూము

వీడియోల్లో ఎవరో నవ్వుతూ గిన్నెలో ఆసిడ్ పోసి బంగారం తీస్తారు. వీడియోలో పొగ కనబడుతుంది గాని ముక్కుకు తగలదు. ఆ రాత్రి ఒంటిగంటకు ఏమయిందో కూడా చూపించరు.

మన కంప్యూటర్లు ఎవరూ విప్పొద్దు. కారణాలు ఆసిడ్ ఒక్కటే కాదు. డబ్బా మానిటర్ల గాజులో కిలోకు పైగా సీసం ఉండవచ్చు. లోపల గాలి లేని బుడ్డి అది, పగిలితే గాజు పెంకులు ఎగురుతాయి. కరెంటు తీసేసినా లోపలి కెపాసిటర్లలో షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. ఉబ్బిన సెల్ బ్యాటరీని గుచ్చితే మండుతుంది. నిరుడు ఎవరో గుచ్చిన సంగతి మనకు తెలుసు, మంచం పట్టీ కాలింది.

వార్డెన్ సారుకు మనవి. కిటికీలోంచి నేను లెక్కపెట్టినంతవరకు అందులో తొమ్మిది డబ్బా మానిటర్లు, పదకొండు సి.పి.యు.లు, ఒక ప్రింటరు, ఒక టీవీ, గంప నిండా కీబోర్డులు, వైర్లు ఉన్నాయి. అవన్నీ స్టాకు రిజిస్టరులో ఉంటాయని, కండెమ్ చేయించకుండా కదిలించడానికి లేదని తెలుసు. కండెమ్ చేయించేటప్పుడు గుజిరీకి కాకుండా, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్ళకు ఇప్పించండి. మండలి ఆఫీసు హైదరాబాదులో సనత్‌నగర్‌లో ఉంది, అనుమతి ఉన్నవాళ్ళ జాబితా వాళ్ళ దగ్గర ఉంటుంది. ఉత్తరం నేను రాసి పెడతాను, సంతకం మీరు చేయండి. అంతవరకు కిటికీ రెండో ఊచ వదులుగా ఉంది, బిగించాలి. అదెట్లా తెలుసని అడగకండి సారూ.

స్నానాల గదుల వెనక బూడిదను ఆదివారం పొద్దున నేను ఎత్తుతాను. కాస్త తడిపి, చేతులకు కవర్లు కట్టుకుని, పైమట్టితో సహా సంచిలోకి ఎత్తి మూతి కట్టి స్టోరులోనే పెట్టాలి. ఏడో తరగతి తమ్ముళ్ళు దూరంగా నిలబడి చూడవచ్చు, ముట్టుకోవద్దు. ఆ మడిలో తోటకూర ఈసారికి వంటకు కోయొద్దని వంట అక్కకు చెప్పాను.

నా సీసాను ఈ కాగితం కింద మేకుకు దారంతో కట్టాను. చూడాలనుకున్నవాళ్ళు చూడండి, మూత తీయకండి. సాయంత్రం అటెండెన్సు అయ్యాక సారు తీసుకుని, ఆ సి.పి.యు.లతో పాటే పెట్టమని కోరుతున్నాను.